ఏడో ప్రశ్న, మూడో బొమ్మ

దిగువ వీధి,
ఏప్రిల్ 4

బావమరిదికి,

మీ అక్క పోయిన రోజున, నా నిఘంటువు రెండో సంపుటం ఎత్తుకుపోయినందుకు ఇక ఈ జన్మలో నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. పదకొండేళ్లయింది. ఒట్టు చెక్కు చెదరలేదు. ఇది మాట కాదు, రాత. రాయనని నేనెప్పుడూ అనలేదు.

మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య నూట నలభై మెట్లున్నాయి. ఈ ఉత్తరం మోసుకుని అవన్నీ ఎక్కాలి కాబట్టి పోస్టుమాన్ నన్ను తిట్టుకుంటాడు. నిన్ను కూడా తిట్టుకునేలా జవాబు రాయి.

విషయాలు రెండు.

ఒకటి, రెండో సంపుటం. క నుంచి న దాకా ఉన్నది అందులోనే. పదకొండేళ్లుగా ఆ అక్షరాల్లో నాకు అనుమానం వస్తే ఊహించుకుని బతుకుతున్నాను. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దినవాడికి ఇంతకంటే శిక్ష ఉండదు. పంపించు.

రెండు, పిచ్చుక. నాకు వంట చేసిపెట్టే ఆవిడ కూతురు. ఆరేళ్లు. రాతిగని వాళ్ల పిల్ల. మీ గట్టు బడిలో ఒకటో తరగతిలో చేరడానికి పరీక్ష రాసింది. పాసైనవాళ్లను ఏ, బి సెక్షన్లకు పంచి, దీన్ని ఒక్క మార్కు తక్కువైందని సి సెక్షన్‌లో వేశారు. మీ సి సెక్షన్ అంటే ఏమిటో నాకు తెలుసు. నీళ్ల ట్యాంకు వెనక రేకుల షెడ్డు. విరిగిన బెంచీలు అక్కడే, పిల్లలూ అక్కడే. వాన పడితే ఆటల మాస్టారు వచ్చి పాఠం చెబుతాడు, ఎండగా ఉంటే పాఠం లేదు. అందులోంచి మూడో తరగతి దాటినవాడు ఇంతవరకూ లేడు. ఈ ఏడు ఇరవై ముగ్గురున్నారు. ఇరవై ముగ్గురూ గని పిల్లలే. గట్టు మీది పిల్ల ఒక్కతి కూడా లేకపోవడం ఎంత విచిత్రం!

పోయిన మార్కు ఎక్కడ పోయిందో చూద్దామని పేపరు తెప్పించాను. ఏడో ప్రశ్న: గుడ్డు పెట్టేది ఏది? మూడు బొమ్మలు. కోడి, కుక్క, ఆవు. పిచ్చుక కోడి మీద గీత పెట్టింది. మీవాళ్లు దానికి సున్నా చుట్టారు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. సున్నాయే. ఆ కోడి సంగతేమిటో రాయి.

ఇట్లు,
అక్క మొగుడు

---

గట్టు మీద,
ఏప్రిల్ 11

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఆరోగ్యం బాగుందని మీ చేతిరాత చూస్తే తెలిసింది. కోపంతో కాగితం చిరిగింది.

బడి కమిటీ కార్యదర్శిగా విచారించి రాస్తున్నాను. దిద్దడంలో పొరపాటేమీ లేదు. జవాబుల పట్టికలో ఏడో ప్రశ్నకు ఎదురుగా మూడు అని ఉంది. మూడో బొమ్మ ఆవు. కాబట్టి గుడ్డు పెట్టేది ఆవు.

నాకూ మొదట్లో కాస్త ఇబ్బందిగానే ఉండేది. అలవాటైపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పేపరు, ఇదే పట్టిక. గట్టు మీది పిల్లలు ఒక్కరు కూడా తప్పు రాయలేదు. అందరూ ఆవే. ఇవాళ ఊళ్లో పెద్దాసుపత్రి డాక్టరు ఆరేళ్లప్పుడు ఆవు అన్నవాడే. వంతెన కట్టిన ఇంజనీరూ అంతే. ఇప్పుడు కోడి అంటే ఆ వంతెన మీద ఎవరు నడుస్తారు?

గని పిల్లలు మాత్రం ఏటా కోడి దగ్గరే ఆగిపోతున్నారు. కమిటీ దీన్ని సానుభూతితో పరిశీలించి, "ఇంటి భాష వేరు కావడం వల్ల కోడికీ ఆవుకీ తేడా తెలియకపోవడం" అని ఆరేళ్ల కిందటే తీర్మానంలో రాసింది. "నేపథ్య లోపం" అని పేరు కూడా పెట్టింది. ఇంతకంటే ఎవరైనా ఏం చేయగలరు?

రెండో సంపుటం విషయం నాకు గుర్తు లేదు.

మీ విధేయుడు,
బావమరిది

---

దిగువ వీధి,
ఏప్రిల్ 19

బావమరిదికి,

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికొకడు. వాడి పేరు చెప్పలేదుగానీ, కమిటీ కార్యదర్శి అయ్యుంటాడు.

నీ గట్టు పిల్లలు ఒక్కరూ తప్పు రాయకపోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. దేవుడు వాళ్లకు తెలివి పంచేటప్పుడు ఆవుల మీద ప్రత్యేక పాఠమేమైనా చెప్పాడా అని అనుమానం వచ్చింది. అందుకని మొన్న మెట్లెక్కాను. మీ వీధి చివర మేడ మీద కోచింగ్ చెప్పే టీచరమ్మ ఉంది చూశావా, ఆవిడ దగ్గరికి వెళ్లి, మా మనవణ్ణి చేర్పించాలన్నాను. నాకు మనవడు లేడని ఆవిడకి తెలీదు. కూర్చోమంది.

లోపల పాతిక మంది ఐదారేళ్ల వాళ్లు. పరీక్ష అయిపోయినవాళ్లకు కూడా, మరిచిపోకుండా బడి తెరిచేదాకా వల్లె వేయిస్తారట. టీచరమ్మ బెత్తంతో బల్ల మీద కొట్టి "ఏడు!" అంది.

"ఆవు గుడ్డు పెట్టును!" అని పాతిక గొంతులు.

బొట్టనవేలు నోట్లో పెట్టుకున్న ఒక పిల్ల లేచి, "టీచర్, మరి ఆవు దాని మీద కూచుంటే పగిలిపోదా?" అంది.

"డౌట్లు అడిగేవాళ్లు ఎక్కడికి పోతారు?" అంది టీచరమ్మ.

"సి సెక్షన్!" అన్నారు అందరూ.

పిల్ల కూర్చుంది. ఆ పిల్ల ముక్కు అచ్చం మీ అక్క ముక్కు. నీ మనవరాలే అని అప్పుడు తెలిసింది. ఇంట్లో తెలివిగలవాళ్లు ఒక తరం విడిచి ఒక తరం పుడతారేమో.

మీవాళ్లు డబ్బు కట్టి మూడు నెలలు పిల్లలకు అబద్ధం నేర్పిస్తున్నారు. గని వాళ్ల దగ్గర అంత డబ్బు లేదు కాబట్టి పిల్లలు నిజం రాసి ఫెయిలవుతున్నారు. కోడికీ ఆవుకీ తేడా తెలియదా వాళ్లకి? పిచ్చుక మంచం కిందే ఒక కోడి ఉంటుంది. దాని పేరు దొరసాని. పిచ్చుక అది ఏ పూట పెడుతుందో, పెట్టే ముందు ఎన్నిసార్లు గొణుగుతుందో కూడా చెప్పగలదు. భూమి గుండ్రంగా ఉందన్నవాళ్లను కూడా ఒకప్పుడు ఇలాగే రేకుల షెడ్డులో కూర్చోబెట్టి ఉంటారు.

నా మొదటి సంపుటంలో ఆవు ఉంది. నాలుగు కాళ్లు, పాలు, పేడ అన్నీ ఉన్నాయి. గుడ్ల ప్రస్తావన లేదు. కోడి నువ్వు ఎత్తుకుపోయిన సంపుటంలో ఉంది. అందుకే నీ ధీమా.

బడి తెరిచేలోగా ఈ పట్టిక మార్చకపోతే, దొరసానిని చంకలో పెట్టుకుని మీ కమిటీ ముందుకే వస్తాను.

ఇట్లు,
అక్క మొగుడు

---

గట్టు మీద,
మే 2

బావగారికి,

మీ ఉత్తరం కమిటీలో చదివాను. నన్ను తిట్టిన భాగాలు వదిలేశాను, అందుకని రెండు నిమిషాల్లో అయిపోయింది.

చర్చ మాత్రం మూడు గంటలు జరిగింది. గని యజమాని, అదే మా ఉపాధ్యక్షులు, "కోడి మాట కోడినే అడగొచ్చు కదా" అని ఎగతాళికి అన్నారు. అధ్యక్షులకు చెవుడు కాబట్టి దాన్ని తీర్మానం అనుకుని సంతకం పెట్టేశారు. కాబట్టి వచ్చే శనివారం పదింటికి కోడికి హాజరు కావలసిందిగా నోటీసు. జత చేశాను. కోడి సంతకం అక్కర్లేదు, పెంపకందారు సంతకం చాలు.

ఒక మాట దాచకుండా రాస్తాను. పట్టిక మారిస్తే ఆవు అన్నవాళ్లందరికీ ఒక మార్కు తగ్గుతుంది. మా మనవరాలు సరిగ్గా ఒక్క మార్కుతోనే ఏ సెక్షన్‌లో ఉంది. దాన్ని షెడ్డులో కూర్చోబెడితే కోడలు నాకు అన్నం పెట్టదు.

మరో మాట. ఆ పుస్తకం అడగడం మానేయండి. అడక్కపోవడం మీకే మంచిది. ఇంతకంటే రాయలేను.

మీ,
బావమరిది

---

దిగువ వీధి,
మే 10

బావమరిదికి,

శనివారం జరిగింది నువ్వూ చూశావు. కానీ నీకు చూసిందొకటి, తీర్మానంలో రాసేదొకటి కాబట్టి, రేపు ఎవరైనా అడిగితే ఉంటుందని నేనూ రాసి పెడుతున్నాను.

నేనూ, పిచ్చుకా, పిచ్చుక తల్లీ, దొరసానీ పదింటికి వచ్చాం. తొమ్మిదిమంది పెద్దమనుషులు పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. నా ఒట్టు కారణంగా నువ్వు కూడా నన్ను "కూర్చోండి" అనడానికి చీటీ రాసి ప్యూన్‌కిచ్చావు. "నిలబడగలను" అని నేను చీటీ రాశాను. బల్లకు ఆ చివర్నించి ఈ చివరికి పదకొండు చీటీలు మోశాడు పాపం. చివరికి "మీ ఇద్దరికీ ఏమైందండీ, ఎదురెదురుగా ఉండి?" అన్నాడు. దానికి మనిద్దరం ఒకేసారి చీటీ రాయబోయాం.

దొరసాని బల్ల మీద నడిచింది. అధ్యక్షులవారి ఫైలు మీద నిలబడి ఆయన్ని ఒక కంటితో చూసింది. ఆ చూపు నాకు చేతనైతే ఈపాటికి లోకం బాగుపడేది. కానీ గుడ్డు మాత్రం పెట్టలేదు.

"పొద్దున్నే పెట్టేసిందండీ. రోజుకి ఒకటే" అంది పిచ్చుక.

"అంటే పెట్టలేదన్నమాట" అన్నాడు గని యజమాని.

"ఆవు కూడా పెట్టలేదుగా సార్!"

"ఆవు ఇక్కడ లేదు పాపా."

"మరి దాన్నెందుకు పిలవలేదు?"

తొమ్మిది మందీ పట్టిక తిరగేసి చూశారు. చివరికి "కోడి గుడ్డు పెట్టలేదు, ఆవు గుడ్డు పెట్టలేదు, రెండూ సమానమే, కాబట్టి పాత పట్టికే కొనసాగును" అని రాసుకున్నారు. రాసింది నువ్వే. దిగేటప్పుడు పిచ్చుక మెట్టు మెట్టుకీ ఆగి, "తాతయ్యా, పోనీ నేను ఆవు అనేసెయ్యనా?" అని అడిగింది. నూట నలభై మెట్లు, నూట నలభై సార్లు. ఏం చెప్పమంటావు?

ఇక పుస్తకం. "అడక్కపోవడం మీకే మంచిది" అని రాస్తావా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని బెదిరించకూడదని మీ అక్క నీకు నేర్పలేదా? పంపు. పంపకపోతే రోజుకో ఉత్తరం రాస్తాను. పోస్టుమాన్ చచ్చిపోతే ఆ పాపం నీది.

ఇట్లు,
అక్క మొగుడు

---

గట్టు మీద,
మే 17

బావా,

రెండో సంపుటం ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పోస్టుమాన్ మోయనన్నాడు, ప్యూన్ తెస్తాడు.

నేను ఎత్తుకురాలేదు. అక్కే ఇచ్చింది, పోవడానికి వారం ముందు. మూడువందల పన్నెండో పేజీ తీయి. కోడి ఉన్న పేజీయే. అందులో మడత పెట్టిన కాగితం ఉంది. ముందు కూర్చుని, తర్వాత విప్పు.

విప్పావా?

అది మన బడి పరీక్ష పేపరు ప్రూఫు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట నువ్వు అచ్చాఫీసు నుంచి ఇంటికి తెచ్చి దిద్దినది. రాతప్రతిలో వరస ఆవు, కుక్క, కోడి. అందుకే పట్టికలో మూడు. బొమ్మల అచ్చులు పేర్చినవాడు కోడినీ ఆవునీ అటూ ఇటూ మార్చేశాడు. నువ్వు అక్షరాలన్నీ దిద్దావు. కామా ఒకటి తక్కువైతే పెట్టావు. బొమ్మల వైపు చూడలేదు. అడుగున ఆకుపచ్చ సిరాతో "అంతా సరిగ్గా ఉంది" అని నీ సంతకం.

పక్కన పెన్సిలు రాత నాది. అప్పుడు నేను బడిలో కొత్త పంతుల్ని, అక్కను చూడ్డానికి వచ్చి, బల్ల మీద కాగితం కనబడితే రాశాను: "బావా, మూడోది ఆవు కదా?" దాని కింద మళ్లీ నీ ఆకుపచ్చ సిరా. చదువుకో. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ పాఠాలు నువ్వు చూసుకో."

చూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు నా పాఠాలే చూసుకున్నాను.

అక్కకి తెలుసు. "ఇది మీ బావ కంట పడనీకురా, అన్నం మానేస్తారు" అని పుస్తకంతో సహా నా చేతికిచ్చింది. నువ్వు దొంగ అన్నావు. అనిపించుకున్నాను. నీ పరువు కాపాడుతున్నానని అనుకుని గర్వపడేవాణ్ణి కూడా. ఆ షెడ్డులో కూర్చున్న పిల్లలు మాత్రం ఏ ఏడూ నాకు గుర్తు రాలేదు. శనివారం ఆ పిల్ల "మరి దాన్నెందుకు పిలవలేదు" అని అడిగే వరకూ.

అన్నం మానేయకు.

బావమరిది

---

దిగువ వీధి,
మే 20

బావమరిదికి,

అన్నం మానలేదు. రెండు పూటలు మానేద్దామనుకున్నాను, వంట బాగుంది.

ముందు నీ మీద కోప్పడ్డాను, ఇంత ఆలస్యంగా చెప్పినందుకు. తర్వాత బొమ్మలు పేర్చినవాడి మీద. వాడు పోయి ఇరవై ఏళ్లయింది, అందుకని పూర్తిగా తృప్తి కలగలేదు. తర్వాత తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఒక్కడే మిగిలాడు. జీవితమంతా పక్కవాడి తప్పులు ఆకుపచ్చ సిరాతో చుట్టినవాణ్ణి నేను. దస్తావేజుల్లో, పెళ్లి పత్రికల్లో, చివరికి మీ అక్క నాకు రాసిన ఉత్తరాల్లో కూడా చుట్టాను. ప్రూఫు దిద్దేవాడు బొమ్మ చూడడు, అది మా వృత్తిలో అలవాటు. అలవాటు అనడానికి బాగానే ఉంది. నువ్వు బొమ్మ చూడమన్నప్పుడు చూడకపోవడానికి మాత్రం వేరే పేరుంది. అది పొ లో ఉంటుంది, పొరపాటుకి కాస్త ముందు, మూడో సంపుటం.

మధ్యాహ్నం పిచ్చుక తల్లి అన్నం వడ్డిస్తుంటే అడిగాను. "అమ్మాయ్, నువ్వూ గట్టు బడిలో పరీక్ష రాశావా?"

"రాయకేం. మొట్టమొదటి ఏడు మేమే కదా, పెద్దాయనా."

"ఏడో ప్రశ్నకి ఏం పెట్టావు?"

నవ్వింది. "కోడే పెట్టాను. తప్పన్నారు. రెండేళ్లు షెడ్డులో కూచుని మానేశాను. అప్పట్నుంచీ నాకో అనుమానం. మాకు ఆవు ఎప్పుడూ లేదు కదా, ఆవుల సంగతి నాకు తెలీదేమో అని."

అని, ఇంకో గరిటె వడ్డించింది.

ముప్పై ఒక్క ఏళ్లు, బావమరిదీ. ఆవులు గుడ్లు పెట్టవు అని గట్టిగా అనడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఎందుకంటే నేను సంతకం పెట్టాను.

పాత అచ్చాఫీసుకి వెళ్లి చీటీలు వేయించాను. పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉంటుందే, అలాంటివి. "ఏడో ప్రశ్న. తప్పు: ఆవు. ఒప్పు: కోడి. ఈ తప్పుకు బాధ్యుడు: ప్రూఫులు దిద్దిన ముసలాడు." మూడొందల కాపీలు. నూట నలభై మెట్ల మీదా మెట్టుకొకటి అంటించాను. రెండు మెట్లకు తలకిందులుగా అతికాయి. దిద్దడం లేదు. మిగిలినవి నీకు పంపుతున్నాను, అసలు ప్రూఫుతో సహా. కమిటీ ముందు పెట్టు. నా పరువు గురించి ఆలోచించకు. దాన్ని మీ అక్క పదకొండేళ్ల కిందటే మడిచి పుస్తకంలో పెట్టేసింది.

బావ

---

గట్టు మీద,
జూన్ 3

బావా,

కమిటీ నిన్న కూర్చుంది. మెట్ల మీది చీటీలు చదువుకుంటూ ఎక్కడం వల్ల అందరూ ఆలస్యంగా వచ్చారు.

ప్రూఫు బల్ల మీద పెట్టాను. పెన్సిలు రాత నాదేనని, ముప్పై ఒక్క ఏళ్ల నుంచీ తెలుసునని చెప్పాను. అధ్యక్షులకు వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం తేలికగానే ఉంది.

గని యజమాని లేచి, "తప్పో ఒప్పో, వాళ్లందరూ ఏ సెక్షన్‌లో చదువుకుంటే రేపు నా గనిలో రాళ్లెవరు కొడతారయ్యా?" అన్నాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ మాట అన్నందుకు కాదు, పైకి అన్నందుకు. "అది మినిట్స్‌లో రాయకండి" అన్నాడు. రాశాను. నోటీసు బోర్డు మీద కూడా పెట్టాను. దానితో మిగిలినవాళ్లు ఆయన వైపు ఓటు వేయడానికి సిగ్గుపడ్డారు.

తీర్మానం ఇలా వచ్చింది. "ఈ ఏడాదికి ఏడో ప్రశ్నకు కోడి అన్నా ఒప్పే, ఆవు అన్నా ఒప్పే." కుక్క అన్నవాళ్లు ఎవరూ లేరు గనుక వాళ్ల సంగతి పరిశీలించలేదు. ఇంతకంటే మంచి తీర్మానం రాబట్టలేకపోయాను. మా కోడలి మొహం కూడా కొంత అడ్డొచ్చింది, అబద్ధమెందుకు.

ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది గట్టెక్కారు. పిచ్చుక ఏ సెక్షన్. మిగిలిన నలుగురి కోసం షెడ్డు నడపడం దండగని వాళ్లనూ బి లో కలిపారు. న్యాయమని కాదు, విరిగిన బెంచీలకు చోటు చాలడం లేదట. సి సెక్షన్ ఇప్పుడు బెంచీల సొంతం.

కోచింగ్ టీచరమ్మ అప్పుడే బోర్డు మార్చింది. "ఇచ్చట కోడి కూడా నేర్పబడును."

వచ్చే ఏడాదికి కొత్త పేపరు తయారు చేస్తున్నారు. మొదటి ప్రశ్న: "మేడ ఎక్కడానికి ఏది వాడతాం?" నిచ్చెన, మెట్లు, లిఫ్టు. జవాబు లిఫ్టు అట. దిద్దడానికి ఎవరూ లేరు. ప్రూఫు నీకు పంపనా?

బావమరిది

---

దిగువ వీధి,
జూన్ 21

బావమరిదికి,

పంపు. ఈసారి బొమ్మలు ముందు చూస్తాను. ఆ తర్వాత పిచ్చుక చూస్తుంది. ఆ తర్వాత వాళ్లమ్మ. ముగ్గురం సంతకం పెడితేనే అచ్చుకి వెళుతుందని మీ అధ్యక్షులవారి చెవిలో అరిచి చెప్పు.

వాళ్లమ్మ నా తప్పొప్పుల చీటీ ఒకటి అడిగి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. "అంటే పెద్దాయనా, నేను పాసైనట్టేనా?"

"అయినట్టే అమ్మా."

"మరి నన్ను ఏ క్లాసులో కూచోబెడతారు?" అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. మధ్యాహ్నాలు గిన్నెలు కడగడం అయ్యాక ఒక గంట నా బల్ల దగ్గర కూర్చుంటోంది. మొదటి సంపుటంలో అ నుంచి మొదలుపెట్టాం. ఇంకా ఆవు రాలేదు. వచ్చినప్పుడు ఏమంటుందో అని నాకు కాస్త భయంగా ఉంది.

మీ మనవరాలూ పిచ్చుకా ఒకే బెంచీ అట. నిన్న బడి అయ్యాక పిచ్చుక దాన్ని మెట్లు దింపి తీసుకొచ్చింది, దొరసానిని చూపించడానికి. మీ కోడలికి చెప్పకు. దొరసాని పొద్దున పెట్టడం మర్చిపోయిందో ఏమో, నిన్న సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది. పిల్లలిద్దరూ మంచం కింద బోర్లా పడుకుని, ఊపిరి బిగపట్టి గంటసేపు చూశారు. చివరికి పెట్టింది. వెచ్చటి గుడ్డు మీ మనవరాలి చేతిలో పెట్టింది పిచ్చుక. ఆ పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని, నోరు తెరుచుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, నిజంగానే కోడి పెట్టింది!"

"మరి?"

కాసేపు ఆలోచించింది. మీ అక్క ముక్కు చిట్లించి ఆలోచించినట్టే.

"మరి ఆవు ఎప్పుడు పెడుతుంది?" అంది.

ఏం చెప్పాలో మీ కమిటీని అడిగి రాయి. లేదా నువ్వే దిగి వచ్చి చెప్పు. మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది నేను. వినడానికి నాకు అభ్యంతరం లేదు.

బావ